కవరు విప్పని రిమోటు

కొత్త వస్తువు ఇంటికి వస్తే దాని కవరు విప్పడం నాకు సుతరామూ ఇష్టం ఉండదు. టీవీ రిమోటుకు కవరు ఉంది. ఫ్రిజ్జు పిడికి గుడ్డ చుట్టి ఉంది. మా కొడుకు కొన్న సోఫా మీద అంగట్లో తొడిగిన ప్లాస్టిక్కు కాగితం ఇప్పటికీ అలాగే ఉంది. ఎండాకాలంలో కూర్చుంటే ఒంటికి అంటుకుంటుందని వచ్చినవాళ్లు గొణుగుతారు. గొణగనీ. నేను చదివింది మూడో తరగతి దాకానే. ఆనాడు నేర్చుకున్న అక్షరాలు అరిగిపోకుండా ఇన్నేళ్లు దాచుకుని ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే, వస్తువును దాచి వాడుకునే గుణం ఉండబట్టే.

మా కోడలికి కవరు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పరపరా చించేస్తుంది. మా ఇద్దరికీ వచ్చిన మొదటి తగువు ఇదే. తగువంటే మాటల తగువు కాదు. ఆమెకు తెలుగు రాదు, నాకు తెలుగు తప్ప ఇంకేదీ రాదు. ఆమె విప్పుతుంది, నేను తొడుగుతాను. ఆమె మళ్లీ విప్పుతుంది. నేను మళ్లీ తొడిగి, ఈసారి పైన రబ్బరు బ్యాండు కూడా వేస్తాను.

మా కోడలిది ఫిలిప్పీన్స్ దేశం. మా రాయచోటిలో కువైటు మాట ఎత్తని ఇల్లు ఉండదు. ఒక ఇంట్లో డ్రైవరు, ఇంకో ఇంట్లో వంటమనిషి, ఆ పక్కింట్లో ఒంటెలు కాసి వచ్చినాయన. మా కొడుకు కూడా ఏసీలు బాగుచేసే పని మీద పోయి, అక్కడ హోటల్లో పనిచేస్తున్న ఈ పిల్లను పెళ్లి చేసుకున్నాడు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, అలా చలి పోయి ఎండ మొదలయ్యే వేళకు భార్యనూ ఏడేళ్ల కూతుర్నీ వెంటబెట్టుకుని ఊరికి వచ్చేశాడు. ఇక పోనన్నాడు. బజారులో ఏసీల రిపేరు అంగడి పెట్టుకున్నాడు.

వచ్చిన మొదటి వారంలోనే వంటింట్లోకి వచ్చి నిలబడి, గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"మా, ముందే చెప్తాండా. నీ కోడలు ఈ ఎండాకాలం ఈడ ఉండి చూస్తా అనింది. మనసిప్పి మాట్లాడేదానికి ఒక్క మనిషన్నా దొరకకుంటే, బడి తెరిచేలోపల పాపను తీసుకోని వాళ్లమ్మ ఊరికి పోతానంటాంది. నేనూ సరే అనేసినా."

"నేను మనిషిని కాదారా?"

"నువ్వు యాడ మాట్లాడతావు మా? నువ్వు లెక్కలు అడుగుతావు, అంతే."

సంగటి కెలుకుతున్నాను, తెడ్డు ఆపితే ఉండలు కడుతుంది. కానీ మనవరాలు వచ్చిన రోజే నా పక్కన పడుకుని నా చెయ్యి మీద తల పెట్టుకుంది. ఆ రాత్రంతా నేను చెయ్యి కదిలించలేదు. కొడుకు మాట విన్న తర్వాత ఆ తల బరువే చేతికి గుర్తొచ్చింది. ఎట్లాగైనా వీళ్లు ఉండిపోవాలి అనుకున్నాను. అయితే బతిమాలడం నాకు చేతకాదు. ఏ భాషలో బతిమాలాలో అంతకన్నా తెలియదు.

కోడలు మంచి పనిమంతురాలే. మూడు పూటలా అన్నం తినే దేశమంట వాళ్లది. అందుకని కూడు దగ్గర పేచీ రాలేదు. ఎండుచేపలు వేపితే ఇద్దరం పోటీపడి తినేవాళ్లం. కష్టమల్లా గడప దాటడం దగ్గరే. ఆమె వాకిట్లోకి వస్తే చాలు, వీధి మొత్తం చేస్తున్న పని ఆపి చూసేది. పిల్లలు వెంటపడేవాళ్లు. ఆడవాళ్లు నవ్వి ముఖం తిప్పుకునేవాళ్లు. వాళ్లకు ఆమె మీద కోపమేమీ లేదు, భయం. "అది దొరసాని లెక్క ఇంగ్లీషు మాట్లాడతాది, మనకేడ వస్తాది" అని ఎదురింటామె నాతోనే అంది. ఇక మా కోడలు తలుపు మూసుకుని లోపలే ఉండిపోయింది. ఎండ కూడా అట్లాగే ఉంది కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ బాధ నాకు కొంత తెలుసు. నేనూ ఆదోని పక్క పల్లె నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్నే. వచ్చిన కొత్తలో అంగడికి పోయి "దుడ్లు ఎంత?" అని అడిగితే, డబ్బులకు మా ఊళ్లో అందరూ అనే మాటే అది, అంగడాయన కూతుళ్లను లోపలి నుంచి పిలిచి, "ఇంకోసారి అనమ్మా" అన్నాడు. నేను అనలేదు. ఆ అంగట్లో మళ్లీ చాన్నాళ్లు ఏమీ కొనలేదు కూడా. దాంతో నాలుగు డబ్బులు మిగిలాయి, అది వేరే సంగతి.

ఇట్లా ఉండగా ఒకనాడు కోడలు పెట్టెలోంచి తెల్లటి డబ్బా ఒకటి తీసింది. కువైటులో ఎవరో దేశం వదిలిపోతూ ఇచ్చేసిన ఆటల పెట్టె అంట. దాన్ని టీవీకి తగిలించి, టీవీ పైన సన్నటి కడ్డీ ఒకటి పెట్టి, చెరొక తెల్లటి రిమోటు పట్టుకున్నారు తల్లీకూతుళ్లు. మామూలు రిమోటయితే కూర్చుని నొక్కుతాం. దీన్ని పట్టుకుని నిలబడి చెయ్యి ఊపాలి. మనం ఊపితే టీవీలో బొమ్మ ఊపుతుంది. బంతి దొర్లుతుంది, వరసగా నిలబెట్టిన సీసాల్లాంటి కట్టెలు పడిపోతాయి. ఇద్దరూ చెమటలు కక్కుతూ, కేకలు వేస్తూ ఆడారు. ఇంట్లో కోడలి గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు.

నేను నేరుగా మీటరు దగ్గరికి పోయి నిలబడ్డాను.

"దాన్నేం చూస్తాండావు మా?" అన్నాడు కొడుకు. "ఆ డబ్బా ఫ్యానంత కరెంటు కూడా తినదు."

"ఫ్యాను గాలన్నా ఇస్తాది" అన్నాను.

అయినా ఆపమనలేదు. కోడలు నవ్వుతోంది కదా. మనవరాలు ఊరుకుంటుందా? నా కొంగు పట్టుకుంది.

"జేజీ, నువ్వూ ఆడాల."

"నాకు పని లేదనుకుంటివా?"

"పని అయిపోయింది కదా. నేను చూసినా. ఊరికే గిన్నెలు మళ్లీ తోముతాండావు."

తండ్రి దగ్గర నేర్చుకున్న తెలుగు దానిది. ఎక్కడో సముద్రం అవతల పుట్టినా మా వీధి యాసే పలుకుతుంది. దాని నోట ఆ మాట వింటే కాదనడం నా వల్ల కాలేదు.

ఆటలోకి దిగాలంటే ముందు మనదంటూ ఒక బొమ్మ తయారు చేసుకోవాలంట. ఆ బొమ్మలకు చేతులు భుజాలకు అతికి ఉండవు. గుండ్రటి పిడికిళ్లు మాత్రం గాల్లో వేలాడుతుంటాయి. చేతులు పెట్టకుండా మిగిలించుకున్నారంటే, చేసినవాళ్లు నాలాంటివాళ్లే అనుకున్నాను. కోడలు నా ముఖంలోకి చూస్తూ, టీవీలోకి చూస్తూ నా బొమ్మ చేసింది. తెల్ల జుట్టు, వెనక ముడి. కళ్లద్దాలు. కనుబొమ్మలు రెండూ ముక్కు మీదికి దిగి కోపంగా ఉన్నాయి.

"నేను ఎప్పుడూ ఇట్లే ఉంటానా?" అని అడిగాను.

మనవరాలు వాళ్లమ్మను అడిగి వచ్చింది. "నిద్రపోయేటప్పుడు కూడా అంట జేజీ."

ఇంకా ఏదో తక్కువైందని కోడలు వెతుకుతోంది. ఆ బొమ్మలకు పుట్టుమచ్చ పెట్టే వీలుందంట. ఆ మచ్చను బుగ్గ మీంచి జరిపి జరిపి, సరిగ్గా నుదుటి నడుమకు తెచ్చి నిలబెట్టింది. బొట్టు. చూడమన్నట్టు నా వైపు తిరిగింది, పని బాగా చేసిన పిల్ల చూసినట్టు.

మా ఆయన పోయినప్పటి నుంచి నా నుదుట బొట్టు లేదు. ఈ దేశంలో ఆడవాళ్లు చాలామందికి ఉంటుందని ఆ పిల్ల చూసింది గానీ, ఎవరికి ఉండదో, ఎందుకు ఉండదో ఎవరు చెప్పారు? అన్నానికి వచ్చిన మా కొడుకు చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఇంగ్లీషులో ఏదో గబగబా చెప్పాడు. కోడలి ముఖం పాలిపోయింది. ఆ మచ్చను తీసేయడానికి రిమోటు ఎత్తింది.

"ఉండనీలే" అన్నాను. "మొగుడు పోయింది నాకు. బొమ్మకు కాదు కదా."

కొడుకు ముద్ద నోట్లో పెట్టుకోబోయి దగ్గాడు. మనవరాలు ఆ మాటను ఇంగ్లీషులోకి ఎట్లా తిప్పిందో ఏమో, కోడలు ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆ చెయ్యి కూడా ఆపలేకపోయింది. నవ్వీ నవ్వీ ప్లాస్టిక్కు సోఫా మీద కూలబడింది. నాకు కూడా కొంచెం నవ్వొచ్చింది. బొమ్మ కనుబొమ్మలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

రిమోటు నా చేతికి ఇచ్చారు. అది బోసిగా ఉంది. ఇంటికి కొత్తగా వచ్చినదాన్ని అట్లా వదిలేస్తే చెమటకూ దుమ్ముకూ పాడైపోదూ? చక్కెర వచ్చిన కవరు ఒకటి కడిగి ఆరబెట్టింది నా దగ్గర ఉంది. దాన్ని తొడిగాను. రిమోటు కింద చేతికి తగిలించుకునే తాడు ఒకటి వేలాడుతుంటే, అదెందుకు మురికి కావడమని అదీ కవరు లోపలికే మడిచి, పైన రబ్బరు బ్యాండు వేశాను. కోడలు ఆ తాడు చూపించి, మణికట్టు చూపించి ఏదో చెప్పింది. నేను వినలేదు. విన్నా అర్థం కాదు కదా.

ఆట నాకు మొదటి రోజే పట్టుబడింది. దానికి కారణం ఉంది. చిన్నప్పుడు మా జొన్నచేనుకు నేనే కావలి. పిట్టలు వాలితే వడిసెలలో రాయి పెట్టి కొట్టేదాన్ని. వడిసెల అంటే రెండు తాళ్ల నడుమ చిన్న జోలె. ఒక తాడు వేలికి తగిలించి, రెండోది పిడికిట్లో పట్టి, తల మీద గిరగిరా తిప్పి సరైన వేళకు రెండోదాన్ని వదలాలి. ఎప్పుడు వదలాలో చెయ్యికే తెలుస్తుంది, బుర్రతో పనిలేదు. ఈ ఆటలో కూడా అంతే. చెయ్యి వెనక్కి తీసి, ముందుకు ఊపి, సరైన వేళకు మీట వదలాలి. నా బంతి మెల్లగా పోయేది కాదు. కట్టెలన్నీ ఒక్క దెబ్బకు కూలేవి. అట్లా కూలితే టీవీలో పెద్ద అక్షరాలు వచ్చి బొమ్మలు చప్పట్లు కొట్టేవి.

"జేజీ, మా అమ్మ అంటాంది, నువ్వు మోసం చేస్తాండావంట."

"ఓడిపోయినోళ్లు అనే మాటే అది. చెప్పు మీ అమ్మకు."

అది చెప్పింది. కోడలు నా వైపు వేలు చూపించి, తెలుగులో, తనకు వచ్చిన నాలుగైదు మాటల్లో ఒకటి ఏరుకుని, "అత్తా... చాలు!" అంది. అప్పటి నుంచి రోజూ పొద్దున పనయ్యాక మాకు పందెం. ఓడినవాళ్లు గిన్నెలు తోమాలి. ఎక్కువ రోజులు ఆమే తోమింది. పాలగిన్నె మాడ్చిన రోజు మాత్రం నేను కావాలనే ఓడిపోయాను. ఆమె చేతిలో పెడితే పీచు అరగదీసేస్తుంది.

అయితే పందెం వేరు, మాట వేరు. ఆట అయిపోతే మళ్లీ నిశ్శబ్దమే. ఆమె కిటికీ సందులోంచి వీధిని చూసేది. ఫోనులో వాళ్లమ్మతో మాట్లాడి, పెట్టేశాక చాలాసేపు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. వైశాఖం దాటింది. బక్రీదు దగ్గరికొచ్చింది, దాని వెనకే బడి తెరుస్తారు. కొడుకును అడిగితే, "చూస్తాం అంటాంది మా, అంతకు మించి అడగొద్దు" అన్నాడు.

ఆ రోజు పొద్దున సంగతి ఇది. నా ఊపుకు గదిలో చోటు చాలక వీధి తలుపు బార్లా తీశాను. తలుపు వైపు వీపు పెట్టి నిలబడ్డాను, చెయ్యి వెనక్కి ఎంతయినా పోవచ్చని. మా పక్కింటి బీబీ తన మేకను మా ముందరి కరెంటు స్తంభానికి కట్టి ఉంచింది. బక్రీదుకని సాకుతున్న మేక, కోడెదూడంత ఉంటుంది. గడ్డి మోపు తెచ్చి, మేకను నీడకు మారుద్దామని బీబీ అప్పుడే కట్టు విప్పింది.

ఆఖరి దెబ్బ. కట్టెలన్నీ కూలితే నేను గెలుస్తాను. ఉక్కపోతకు చెయ్యి తడిసి ఉంది. వెనక్కి ఊపాను, బాగా ఊపాను, చేను గట్టు మీద నిలబడి ఊపినట్టే. చెయ్యి ముందుకొచ్చింది. చేతిలో ఏమీ లేదు.

కవరు లోపలి రిమోటు సబ్బుబిళ్లలా జారి, వెనక తలుపులోంచి దూసుకుపోయి, మెట్లు దాటి, వీధిలో మేక ముందర పడింది. మేక దాన్ని చూసింది. చక్కెర వాసన ఇంకా ఉందేమో, కవరుతో సహా నోట కరుచుకుంది. "అరె, అరె!" అని బీబీ మీదికి వచ్చేసరికి తాడు చేతికి దొరకనివ్వకుండా పరుగు తీసింది.

నేను తలుపు దగ్గరికి చేరేలోపు నన్ను దాటుకుని కోడలు పోయింది. కాళ్లకు చెప్పుల్లేవు. ఒంటి మీద మొగుడి చొక్కా, మోకాళ్ల దాకా లాగు. వీధి చూస్తుందన్న జ్ఞాపకమే లేదు ఆ పిల్లకు. ఉన్న రెండు రిమోట్లలో ఒకటి పోతే పందెం పోతుంది. పందెం పోతే ఇంట్లో ఆమెకు మిగిలేది నేనూ నా గిన్నెలూ. వాళ్ల భాషలో మేకను ఏదో అంది. మేక ఆగలేదు. ఇంగ్లీషులో అంది. ఆగలేదు. చివరికి పెద్ద గొంతు పెట్టి, "తాల్! తాల్ హినీ!" అని అరిచింది.

గడ్డిమోపుతో పరుగెత్తుతున్న బీబీ టక్కున నిలబడిపోయింది. మోపు కింద పడేసింది.

"యల్లా! రూహ్ హినాక్!" అని కోడలి వైపు కేకవేసి, చెయ్యి అటు చూపించింది. కోడలి మాటకు "ఇటు రా" అని, ఈమె మాటకు "నువ్వు అటు నుంచి పో" అని అర్థమంట, తర్వాత తెలిసింది నాకు. కోడలు ఒక్క క్షణం ఆమెను నోరు తెరిచి చూసి, అటు పరుగెత్తింది.

ఇక వీధికి ఏమైందో ఏమో. ఎదురింటి మిద్దె మీంచి, కువైటులో లారీ తోలి వచ్చినాయన "యసార్! యసార్!" అని ఎడమ చెయ్యి ఊపాడు. ఒంటెలు కాసి వచ్చినాయన మంచం మీంచి లేచి "షువై షువై, బెదరగొట్టొద్దండప్పా, మెల్లగా పోండి" అని రెండు భాషలూ కలిపి అరిచాడు. దొరసానితో మనకేం మాట వస్తుందన్న ఎదురింటామె కూడా, చీపురు చేత్తో పట్టుకుని, "ఖలాస్! దొరికె, దొరికె!" అంటోంది. రేషను అంగడి మలుపులో మేకకు ముందు మా కోడలు, వెనక బీబీ. నడుమ ఇరుక్కుని అది ఉసూరుమని రిమోటు వదిలేసింది.

ఇన్నాళ్లూ ఈ వీధిలో ఎవరి నోటా నేను ఆ కువైటు భాష వినలేదు. అది అక్కడ వంటింట్లో తిట్లు తింటూ నేర్చుకున్న భాష. ఊరికి వచ్చాక దాన్ని ఎవరు నోట పెట్టుకుంటారు? మా కొడుకూ కోడలూ ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకుంటారు. కువైటులో పనిచేసిన పిల్లకు కువైటు మాట రాకుండా ఉంటుందా అని నాకు తట్టలేదు, వాళ్లకు తట్టలేదు. ఊరంతా తాళంచెవులు పెట్టుకుని తలుపు ముందర కూర్చున్నట్టుంది మా కథ.

నేను రిమోటు తీసుకుని తుడిచాను. కవరు నిండా మేక పళ్ల గాట్లు. లోపలి రిమోటుకు గీత కూడా పడలేదు. దాన్ని పైకెత్తి అందరికీ చూపించాను.

"చూసినారా? కవరు లేకుంటే ఏమయ్యుండు?"

"కవరు లేకుంటే జారేదే కాదు జేజీ" అంది మనవరాలు.

వీధి అంతా నవ్వింది. కోడలికి అర్థం కాలేదు. బీబీ కువైటు మాటలో చెప్పింది. అప్పుడు కోడలు కూడా నవ్వింది, వీధి నడుమ, చెప్పుల్లేని కాళ్లతో. ఎండకు నేల కాలుతోందని అప్పటికి తెలిసింది ఆ పిల్లకు. ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతుంటే బీబీ తన చెప్పులు విడిచి ఆమె ముందరికి తోసింది.

ఆ పూట బీబీ మా మెట్ల మీద కూర్చుంది. కోడలు ఆమె పక్కన కూర్చుంది. ఎంతసేపు మాట్లాడుకున్నారో, నేను అన్నం వార్చి, పప్పు ఎనిపి, మళ్లీ వచ్చి చూసినా అట్లాగే ఉన్నారు. బీబీ అక్కడ ఒక పెద్ద ఇంట్లో వంట చేసేదంట. ఆమె ఉన్న పేటా మా కోడలు పనిచేసిన హోటలూ దగ్గర దగ్గరే అంట. ఇద్దరూ చేతులు తిప్పుతూ ఏదో వీధి చూపించుకుంటున్నారు. నడుమ నడుమ నా వైపు చూస్తున్నారు.

"ఏం చెప్తాంది నా గురించి?" అని బీబీని అడిగాను.

"మీ గురించి కాదులే అక్కా."

"నా వైపు చూసి నా గురించి కాదంటావేమే?"

బీబీ నవ్వింది. "మా అత్త శానా గట్టిది, కానీ ఆటలో మోసం చేస్తాది అంటాంది."

తర్వాత సాయంకాలాలు మా ఇంట్లో చోటు లేకుండా పోయింది. బీబీ వచ్చింది. ఎదురింటామె వచ్చింది. ఆమె కువైటులో ఉన్నది కొన్నాళ్లే గాని, అయిపోతే ఖలాస్, లేకపోతే మాఫీ, పదమంటే యల్లా, ఈ మూడు మాటలతోనే ఎంత కథయినా నడిపేస్తుంది. అందరికీ బొమ్మలు కావాలి. కోడలు ఒక్కొక్కరినీ టీవీ ముందు కూర్చోబెట్టి ముక్కూ చెవులూ కొలిచింది. బీబీ బొమ్మకు తల మీద ముసుగు పెట్టడానికి ఎంత వెతికినా వీలు కాలేదు. "జుట్టు కనపడకుండా టోపీ అన్నా పెట్టమను, మా ఇంటాయన చూస్తే గొడవ" అంది బీబీ. ఎదురింటామె నా బొమ్మ నుదురు చూసి ఉలిక్కిపడింది.

"ఏంది వదినా, నీ బొమ్మకు బొట్టు పెట్టినారు?"

"అది ముత్తైదువలే" అన్నాను. "నువ్వు బంతి వెయ్యి."

ఆడేవాళ్లు ఎక్కువయ్యారు, ఉన్న రెండు రిమోట్లూ చాల్లేదు. ఒకరి తర్వాత ఒకరు, నీ వంతా నా వంతా అని పేచీ. నేను మీటరు దగ్గరికి పోవడం మానేశాను. పోయి చూస్తే ఆట ఆపాల్సి వస్తుందని భయం.

బక్రీదు అయిపోయింది. బీబీ ఇంటి నుంచి పాపకని సేమియా పాయసం వచ్చింది. మేక లేని స్తంభాన్ని చూసి మనవరాలు కాసేపు ముఖం వేలాడేసింది. బడి తెరిచే రోజు దగ్గరికొచ్చింది. కోడలు ఏమీ చెప్పలేదు. కొడుకు ఏమీ చెప్పలేదు. వీధిలో మాట దొరికింది కదా, ఇక ఉంటారులే అని ఒక పూట అనుకునేదాన్ని. మాట దొరికినంత మాత్రాన తల్లి మీద బెంగ పోతుందా అని ఇంకో పూట అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను చింతపండు గింజలు తీస్తున్నాను. అటక మీద చప్పుడైంది. చూస్తే కోడలు స్టూలు ఎక్కి, వాళ్లు వచ్చినప్పుడు తెచ్చుకున్న పెద్ద పెట్టెను కిందికి లాగుతోంది. దుమ్ము దులిపి, నేల మీద పెట్టి, మూత తెరిచింది. నా చేతిలో గింజ ఉండిపోయింది. బట్టలు సర్దుకునే పెట్టె అది. మనవరాలు పక్కనే కూర్చుని పెట్టెలోకి వంగి చూస్తోంది.

నేను లేవలేదు. లేచి ఏమనాలి? పోవద్దనే మాట నాకు ఏ భాషలోనూ రాదు, తెలుగులో కూడా. చింతపండు మీద ఈగ వాలితే తోలాను. మళ్లీ వాలింది.

కోడలు పెట్టె అడుగున పాత బట్టలు అటూ ఇటూ తోసి, ఒక మూట పైకి తీసింది. మూట విప్పింది. అందులో ఇంకో రెండు తెల్ల రిమోట్లు, తెచ్చిన సంగతే మరిచిపోయినట్టుంది.

"నలుగురూ ఒకేసారి ఆడొచ్చంట జేజీ" అని మనవరాలు గట్టిగా చెప్పింది. "ఇంగ పేచీ లేదంట. నేను బడి నుంచి వచ్చినాక నాకూ ఒకటి ఇస్తారంట."

బడి నుంచి వచ్చినాక. ఆ మాట నేను రెండోసారి చెప్పించుకోలేదు. ఒకసారి వినబడితే చాలదా?

కోడలు పెట్టెను మూసి కాలితో గోడవైపు తోసేసింది. రెండు రిమోట్లూ చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. చెయ్యి చాపింది.

"అత్తా" అంది. "కవర్."

నేను లేచి పోపుల డబ్బా వెనక నుంచి కవర్లు తెచ్చాను. చక్కెర కవర్లు కాదు, వాటి రుచి మేకలకు తెలిసిపోయింది. చీరల అంగడి నుంచి వచ్చిన మందం కవర్లు, ఎవరికీ ఇవ్వకుండా దాచినవి. రబ్బరు బ్యాండ్లు కూడా ఇచ్చాను. ఆమె ఒక్కోదానికి తొడుగుతుంటే కాసేపు చూసి, ఉండబట్టలేక చెప్పాను.

"తాడు లోపలికి మడవొద్దు. బయటికి పెట్టు, చేతికి తగిలించుకునేదానికి."

మనవరాలు తిప్పి చెప్పకముందే ఆమె తాడును బయటికి లాగింది.